కోల్డ్ బ్రూ నిజంగా ఎవరిది? డచ్ ఓడల కథ, జావా రైతులు, మా అమ్మమ్మ డికాక్షన్

ఈ గాజు సీసా చూశారా? ఇందులో ఉన్నది కోల్డ్ బ్రూ. నిన్న రాత్రి కాఫీ పొడిలో చన్నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టాను, పొద్దున్నే వడకట్టాను. ఇవాళ ఇది తాగుతూనే మాట్లాడుకుందాం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసే రోజుల్లో మా ఆఫీసు కింద ఒక కెఫే ఉండేది. కోల్డ్ బ్రూ గ్లాసు 260 రూపాయలు. మెనూ కార్డు మీద చిన్న అక్షరాల్లో ఒక కథ కూడా రాసి ఉండేది. నాలుగు వందల ఏళ్ల కిందట డచ్ నావికులు ఓడల మీద కనిపెట్టారట, జపాన్ వాళ్లకి నేర్పారట. రెండేళ్లు నేను ఆ కథ నమ్మాను. ఒకసారి తెనాలి వెళ్లినప్పుడు ఇలాగే ఒక సీసా తీసుకెళ్లి, మా అమ్మమ్మకి గ్లాసులో పోసిచ్చి, ఆ కథంతా చెప్పాను. ఆవిడ ఒక్క గుటక తాగి, "చల్లారిపోయిన డికాక్షన్ కదరా నాన్నా ఇది, దీనికి ఓడలెందుకు?" అంది.

అప్పుడు నవ్వేశాను. తర్వాత కూర్చుని చదవడం మొదలుపెడితే, అమ్మమ్మ మాటలో సగం నిజం ఉందని అర్థమైంది. కెఫే వాళ్ల కథలో అంత కూడా లేదు.

సరే, ముందు ఆ డచ్ కథని డీబగ్ చేద్దాం. ఎవరు చెప్పినా ఇలాగే చెప్తారు. 1600లలో చెక్క ఓడలు, నిప్పు రాజేస్తే ప్రమాదం. అందుకని నావికులు కాఫీ పొడి చన్నీళ్లలో నానబెట్టుకుని తాగేవాళ్లు. వ్యాపారానికి జపాన్ వెళ్లినప్పుడు క్యోటో వాళ్లు అది చూసి నేర్చుకున్నారు. వినడానికి బాగుంది. లైన్ బై లైన్ చూస్తేనే తేడా కొడుతుంది.

మొదటి లైన్, నిప్పు. ఆ ఓడల్లో వంటగది ఉండేది. ఇటుకలు పేర్చి కట్టిన పొయ్యి మీద రోజూ వందల మందికి వేడివేడిగా వండేవాళ్లు. అన్నిటికీ దొరికిన నిప్పు ఒక్క కాఫీకి దొరకలేదంటే ఎలా నమ్ముతాం?

రెండో లైన్, క్యోటో. 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా జపాన్‌లో డచ్ వాళ్లని ఒక్కచోటే ఉండనిచ్చారు. నాగసాకి రేవులో దెజిమా అని చేత్తో కట్టిన చిన్న దీవి. షోగున్‌కి కానుకలు ఇవ్వడానికి కాపలాతో యెదో దాకా వెళ్లి రావడం తప్ప, స్వేచ్ఛగా బయట తిరగడానికి లేదు. ఇక క్యోటో వీధుల్లో నిలబడి కాఫీ క్లాసులు ఎప్పుడు చెప్పారు?

మూడో లైన్, టైమ్. క్యోటోకి పేరు తెచ్చిన ఆ పొడవాటి గాజు టవర్లు, పైనుంచి ఒక్కో చుక్క నీళ్లు కాఫీ పొడి మీద పడుతుంటాయి చూడండి, అవి ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి కాఫీ షాపుల్లో వచ్చినవి. ఓడల కాలానికీ వాటికీ మధ్య మూడు వందల ఏళ్ల ఖాళీ ఉంది. ఆ ఖాళీని కలిపే గట్టి ఆధారం ఎవరూ చూపించలేదు.

మరి జపాన్‌లో దాన్ని 'డచ్ కాఫీ' అని ఎందుకంటారు? అసలు కథ ఇక్కడుంది.

డచ్ ఈస్టిండియా కంపెనీ మనకి తెలియని కంపెనీ ఏం కాదు. 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టి మన అద్దకం బట్టలు కొనుక్కెళ్లింది. భీమిలి వెళ్తే వాళ్ల సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే కంపెనీ 1696లో మన మలబారు తీరం నుంచి కాఫీ మొక్కలు జావా దీవిలోని బటావియాకి పంపింది. బటావియా అంటే ఇవాళ్టి జకార్తా. ఆ మొక్కలు వరదల్లో పోయాయి. 1699లో మళ్లీ పంపితే బతికాయి. మన దేశానికి కాఫీ ఎలా వచ్చిందని అడిగితే, బాబా బుడన్ అనే సూఫీ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. అది ఐతిహ్యం. మలబారు నుంచి జావాకి మొక్కలు వెళ్లడం మాత్రం చరిత్ర.

జావాలో కాఫీ బాగా కాసింది. అక్కడి రైతుకి మాత్రం అదే శాపమైంది. 1720ల నుంచి పశ్చిమ జావా కొండల్లో రైతులు కాఫీ పండించి కంపెనీ చెప్పిన ధరకే ఇవ్వాలి, వేరే దారి లేదు. 1830లో డచ్ ప్రభుత్వం దాన్ని ఇంకా పెద్ద వ్యవస్థ చేసింది. ఊరి భూమిలో ఐదో వంతు ఎగుమతి పంటకి కేటాయించాలని రూలు. నిజానికి చాలాచోట్ల అంతకంటే ఎక్కువే లాక్కున్నారు. ఆ అన్యాయం మీద 1860లో ఒక డచ్ మాజీ అధికారే నవల రాశాడు. 'మాక్స్ హావెలార్' దాని పేరు. అది నెదర్లాండ్స్‌లో పెద్ద దుమారం లేపింది.

ఆ తర్వాత ఆకు తుప్పు తెగులు వచ్చింది. 1869లో శ్రీలంక తోటల్లో మొదలై, అక్కణ్ణుంచి జావాకి పాకి అరబికా చెట్లని తుడిచిపెట్టేసింది. దాంతో 1900 ప్రాంతంలో తెగులుని తట్టుకునే రోబస్టా రకం నాటారు. రోబస్టాకి చేదెక్కువ. వేడి నీళ్లు పోస్తే ఆ చేదు ఇంకా గట్టిగా దిగుతుంది. చన్నీళ్లతో నెమ్మదిగా దింపితే కాస్త మెత్తబడుతుంది. డచ్ పాలనలో ఉన్న ఇండోనేసియాలో ఇలా చేసేవాళ్లని, 'డచ్ కాఫీ' అనే పేరు అక్కణ్ణుంచే వచ్చిందని జపాన్‌లో ఎక్కువగా చెప్తారు.

ఇదే నిజమైతే ఏమైందో చూడండి. మొక్క మలబారుది, చెమట జావా రైతుది, గాజు టవర్ జపాన్ వాళ్లది. పేరు మాత్రం వాళ్లని పాలించిన దేశానిది. దాని మీద మళ్లీ ఒక ఓడల కథ అంటించి, మెనూ కార్డు మీద 260 రూపాయలకి మనకే అమ్ముతున్నారు.

ఇంకో కథ, ఇది అల్జీరియాది. 1840 ఫిబ్రవరి. ఫ్రాన్స్ ఆ దేశాన్ని ఆక్రమించుకుంటున్న రోజులు. మజగ్రాన్ అనే ఊళ్లో 123 మంది ఫ్రెంచి సైనికులు ఒక చిన్న కోటలో ఉంటే, అబ్దుల్ ఖాదిర్ తరఫు సేనలు వేల మందితో చుట్టుముట్టాయి. కొన్ని రోజుల పోరాటం తర్వాత కోట నిలిచింది. ప్యారిస్‌లో ఆ సైనికులు హీరోలైపోయారు. అక్కడి సైనికులు పాలూ బ్రాందీ దొరక్క కాఫీలో చన్నీళ్లు కలుపుకుని తాగేవాళ్లని చెప్తారు. ప్యారిస్ కెఫేల్లో పొడవాటి గ్లాసులో ఇచ్చే కాఫీకి 'మజగ్రాన్' అని పేరొచ్చింది. 1990లలో స్టార్‌బక్స్, పెప్సీ కలిసి అదే పేరుతో గ్యాస్ నింపిన కాఫీ డ్రింక్ ఒకటి తెచ్చి చూశాయి. అట్టర్ ఫ్లాప్.

ఒక్క విషయం గమనించండి. మజగ్రాన్ అంటే వేడిగా కాచిన కాఫీలో చన్నీళ్లు కలపడం. అది కోల్డ్ కాఫీ. కోల్డ్ బ్రూ వేరు, అందులో వేడి నీళ్లు మొదటి నుంచీ ఉండవు.

మనం ఇంట్లో చేసుకునే పద్ధతికి దగ్గరి చుట్టం 1964లో అమెరికాలో పుట్టింది. టాడ్ సింప్సన్ అనే ఆయన కెమికల్ ఇంజనీరింగ్ చదివాడు. మొక్కల సేకరణకి లాటిన్ అమెరికా వెళ్లినప్పుడు ఒకచోట చిక్కటి కాఫీ రసం ఒక పాత్రలో, వేడి నీళ్లు ఇంకో పాత్రలో పెట్టి ఇచ్చారు. కలుపుకుని తాగితే కడుపులో మంట లేదనిపించింది. ఇంటికొచ్చి ప్లాస్టిక్ బకెట్ లాంటి డబ్బా, అడుగున ఒక ఫిల్టర్, దానికో బిరడా, ఇలా ఒక సెట్ తయారుచేశాడు. దాని పేరు టాడీ. గాజు టవర్లూ లేవు, ఓడలూ లేవు. చాలా ఏళ్లు అది కొద్దిమందికే తెలిసిన వస్తువు. 2015లో స్టార్‌బక్స్ అమెరికా షాపుల్లో ఇరవై గంటలు నానబెట్టిన కోల్డ్ బ్రూ మొదలుపెట్టాక ప్రపంచమంతా ఆ మాట పట్టుకుంది.

కడుపు మంట విషయం కూడా ఒకసారి చూద్దాం. అమెరికాలో నైనీ రావు, మేగన్ ఫుల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ల్యాబ్‌లో కొలిచారు. 2018లో వాళ్లు చెప్పిందేంటంటే, వేడి కాఫీకీ కోల్డ్ బ్రూకీ పీహెచ్ దాదాపు ఒకటే. రెండూ 4.85 నుంచి 5.13 మధ్యలోనే ఉన్నాయి. కానీ వేడి కాఫీలో మొత్తం ఆమ్లాలు ఎక్కువ రకాలు, ఎక్కువ మోతాదులో దిగుతాయి. నాలుకకి తేడా తెలిసేది అందుకే. "కోల్డ్ బ్రూలో యాసిడ్ ఉండదు" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. వాళ్లే 2017లో ఇంకోటి చూపించారు. చన్నీళ్లలో కెఫీన్ దిగడం ఆరేడు గంటలకే దాదాపు ఆగిపోతుంది. ఇరవై నాలుగు గంటలు నానబెడితే కిక్ డబుల్ అవుతుందనేది కూడా ఉత్తిదే.

ఇప్పుడు అమ్మమ్మ మాటకి వద్దాం. వాళ్లింట్లో ఇత్తడి ఫిల్టర్ ఉండేది. రాత్రి పడుకునే ముందు పై గిన్నెలో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి మూత పెట్టేది. తెల్లారేసరికి కింది గిన్నెలో చిక్కటి డికాక్షన్ దిగి ఉండేది. నలుగురొస్తే నలుగురికి, పదిమందొస్తే పదిమందికి, పాలు కాచి కలపడమే. ఒకసారి దించుకో, దాచుకో, కావలసినప్పుడు కలుపుకో. సింప్సన్ సెట్‌లో ఉన్న ఐడియా కూడా అదే. నీళ్ల వేడి ఒక్కటే తేడా. వేడి నిమిషాల్లో చేసే పనిని చన్నీళ్లు గంటల్లో చేస్తాయి. అందుకే ఆవిడ మాట సగం నిజం అన్నాను.

సరే, ఇంట్లో ఎలా చేయాలి? ముందు నా తప్పు చెప్తాను. మొదటిసారి ఒక విదేశీ వీడియో చూసి చేశాను. "రూమ్ టెంపరేచర్‌లో ఇరవై నాలుగు గంటలు ఉంచండి" అన్నాడు. వాళ్ల రూము ఇరవై డిగ్రీలు. మాది విజయవాడ, మే నెల, వంటగదిలో నలభై. మర్నాటికి పుల్లటి వాసన. అయినా 'ఇలాగే ఉంటుందేమో' అనుకుని తాగాను. రెండు రోజులు మంచం దిగలేదు. చన్నీళ్లు క్రిములని చంపవు కదా, ఆ చిన్న లాజిక్ మిస్సయ్యాను.

కాబట్టి మొదటి నిమిషం నుంచీ ఫ్రిజ్‌లోనే. 100 గ్రాముల కాఫీ పొడి, చికోరీ కలపనిది. షాపులో మర పట్టేటప్పుడే "బొంబాయి రవ్వలా బరకగా పట్టండి" అని చెప్పండి. మెత్తటి పొడి అయితే వడకట్టలేక చస్తాం. కాచి చల్లార్చిన నీళ్లు 800 మిల్లీలీటర్లు. శుభ్రంగా కడిగిన గాజు సీసాలో రెండూ కలిపి, పొడంతా తడిసేలా ఒకసారి తిప్పి, మూత పెట్టి పన్నెండు నుంచి పదహారు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ముందు టీ జాలితో, తర్వాత పలుచటి తెల్ల గుడ్డతో వడకట్టండి. గుడ్డని గట్టిగా పిండొద్దు, మడ్డి దిగుతుంది. పొడి కొన్ని నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి సుమారు 600 మిల్లీలీటర్లు వస్తుంది. సగం ఇది, సగం నీళ్లో పాలో కలుపుకోండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజుల్లో తాగేయండి. వాసన తేడాగా ఉంటే నాలాగా హీరోయిజం చేయకుండా పారబోయండి.

పొడి కొనేటప్పుడు ఒక్క పని చేయండి. ప్యాకెట్ వెనక్కి తిప్పి అది ఎక్కడ పండిందో చదవండి. మనకి పక్కనే అరకు ఉంది. మన ఏజెన్సీ కొండల్లో ఆదివాసీ రైతులు నీడ చెట్ల కింద, మిరియాల తీగల మధ్య అరబికా పండిస్తున్నారు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కి జీఐ ట్యాగ్ వచ్చింది. అంటే ఆ పేరు ఆ నేలకే చెందుతుందని చట్టం ఒప్పుకున్నట్టు. జావా రైతులకి ఆ రోజుల్లో దొరకనిది ఇదే. వాళ్ల కాఫీ మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

మొన్న అరకు పొడితో చేసిన కోల్డ్ బ్రూ, పాలు కలిపి, అమ్మమ్మకి మళ్లీ ఇచ్చాను. ఈసారి ఓడల కథ చెప్పలేదు, పాడేరు కొండల్లో పండిందని చెప్పాను. గ్లాసు మొత్తం తాగింది. తాగాక, "బానే ఉంది గానీ, కాస్త వేడి చేసివ్వరా" అంది.

అదండీ సంగతి. మీ ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ అటక మీద ఉంటే కిందికి దించి, రాత్రి డికాక్షన్ ఎలా దించేవాళ్లో పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.