కట్టినవాని కూలి, కట్టించినవాని యిల్లు

దర్జీకి గుడ్డ యిచ్చి చొక్కా కుట్టించుకొన్నవాడు కూలి యీయనిచో, దర్జీ యా చొక్కాను తనయొద్దనే నిలుపుకొనవచ్చును. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 170వ సెక్షనున నీ హక్కును స్పష్టముగా నొసగుచున్నది. కాని తాపీపనివాని మాట యేమి? ఆతడు పేర్చిన యిటుక పరుల నేలలో కలిసిపోవును. గోడను చంక నిడుకొని పోగలవా డెవడు? ఇంగ్లీషువారి పాత న్యాయము చేతబట్టుకొనదగిన వస్తువునకే యీ రక్షణము నిచ్చి, యిల్లు కట్టినవానిని వట్టిచేతులతో విడిచినది.

అమెరికాలో నీ లోపమును దీర్చిన మొదటి శాసనము 1791లో పుట్టినది. అపుడు వాషింగ్టను నగరమును క్రొత్తగా నిర్మింపవలసియుండెను. అచ్చట పని చేయ మేస్త్రీలకు ధైర్యము కావలెను. జెఫర్సను, మాడిసనులు నగర కమీషనర్లతో నాలోచించిరి. ఆ యేటి డిసెంబరులో మేరీలాండు శాసనసభ, కట్టిన భవనముపైననే మేస్త్రీకి హక్కు కల్పించెను. 1803లో పెన్సిల్వేనియా దీని ననుసరించెను. 1879లో కాలిఫోర్నియా దీనిని తన రాజ్యాంగముననే చేర్చెను.

అయితే ఒకరి కన్నీరు తుడిచిన శాసనము మఱియొకరికి కన్నీరు తెచ్చినది. గృహస్థు గుత్తదారునకు పూర్తిగా సొమ్ము చెల్లించును. గుత్తదారు దానిని కలప వర్తకునకును, కూలివారికిని ఈయక మ్రింగును. అంతట వారు ఇంటిపై తమ హక్కు సాధింతురు. గృహస్థు ఒక్క గోడకు రెండుమార్లు వెల యిచ్చుకొనవలసివచ్చును. దీనికి విరుగుడుగా విడుదల పత్రము వాడుకలోనికి వచ్చెను. సొమ్ము ముట్టినది గావున నింటిపై హక్కు వదలుకొంటిమని పనివారును, సరకు నిచ్చినవారును వ్రాసి యిచ్చునదే యా పత్రము.

ఇందును మోసమునకు చోటు గలదు. సొమ్ము ముట్టకమునుపే సంతకము పెట్టినవాడు హక్కును గోల్పోయి, కూలికై తిరుగవలసివచ్చును. అందుచే నేటి కాలిఫోర్నియా చట్టము నాలుగు నమూనాలను నిర్ణయించినది: పని నడుమ నిచ్చు వాయిదాసొమ్మునకు రెండు, తుది చెల్లింపునకు రెండు. ఒక్కొక్క జతలో నొకటి సొమ్ము చేరిన పిదపనే చెల్లును. రెండవది సంతకముతోనే చెల్లును. సొమ్ము ముట్టకున్నను ఇది నిన్ను బంధించునని యీ రెండవదానిపై హెచ్చరిక యుండును.

మన కాంట్రాక్టు చట్టమున నిల్లు కట్టినవాని కిట్టి హక్కు లేదు. కావున మన గృహస్థుల మనస్సాక్షిపై భారము మఱింత యెక్కువయని మాకు దోచుచున్నది. గృహప్రవేశమునాడు మేస్త్రీకి బట్టలు పెట్టుదుము. అంతకు ముందే, ఆతని క్రింద మట్టి మోసిన స్త్రీలకు కూలి ముట్టినదా యని యొక్కమాట యడుగరాదా? చెల్లుచీటి వ్రాయించుకొనుట మంచిదే. కాని సంతకము సొమ్మునకు వెనుక రావలెను, ముందు రాగూడదు.