కాలువకంటే పాత పూతీగ

నిజాంసాగర్ 1931లో పూర్తయింది; మంజీర నీరు బాన్సువాడ చేలకు కాలువల్లో పారింది. తడిగట్ల మీద పాకే బొక్కెనాకు మాత్రం ఈ నేలకు కాలువకంటే పాతది. లిన్నేయస్ 1753లో దీనికి 'నోడిఫ్లోరా' అని పేరుపెట్టాడు. కణుపుల దగ్గర పూసేదని అర్థం. పూవే కాదు, వేరూ అక్కడే దిగి మట్టిని జారనీయదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన గడ్డిచామంతి నేడు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. అందుచేత గట్టు చెక్కేటప్పుడు మన పాత తీగను పారేయకండి. వేరున్న ముక్కలను తొలకరికి పెరటి మామిడి అంచు నీడలో జానెడు ఎడంగా నాటండి. నేల కప్పేదాకా తడి ఆరనీయకండి. చిక్కని నీడలో పూత తగ్గుతుంది. మడిలోకి పాకితే మాత్రం పీకెయ్యాలి సుమా! గట్టున కాపు, మడిలో కలుపు.