అక్టోబరు ఒకటా, నవంబరు ఒకటా?

బెంగళూరులో నేను పనిచేసే ఆఫీసులో ఏటా అక్టోబరు నెలాఖరున ఒక పూట పని సాగదు. నవంబరు ఒకటి కర్ణాటకలో సెలవు కాబట్టి రాజ్యోత్సవం సంబరాలు ముందు రోజే కానిచ్చేస్తారు. పసుపు ఎరుపు జెండాలు, మెడలో అవే రంగుల కండువాలు, క్యాంటీన్‌లో బిసిబేళె బాత్, మైసూర్ పాక్. మలయాళీలకీ ఆ తేదీయే కేరళప్పిరవి. జరీ అంచు మీగడ రంగు చీరల్లో, పంచెల్లో దిగుతారు. పోయినేడాది మా టీమ్‌లో కొత్తగా చేరిన హర్యానా కుర్రాడు కూడా చెయ్యెత్తి "మాదీ నవంబరు ఒకటే, కాకపోతే 1966" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. "మీదీ అదేగా?"

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న వరంగల్ మిత్రుడు "మాది జూన్ రెండు" అని తేల్చేశాడు. తర్వాత నన్ను చూపించి, "వీళ్లదెప్పుడో నన్నడక్కండి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నా దగ్గర జవాబు లేదు. ఉన్నవి మూడు తేదీలు.

ఆ సాయంత్రం కర్నూల్లో ఉన్న అవ్వకి ఫోన్ చేసి, మన రాష్ట్రం పుట్టినరోజు ఎప్పుడవ్వా అని అడిగా. ఆవిడ ఆలోచించుకోలేదు. "అక్టోబరు ఒకటి. నెహ్రూ వచ్చింది ఆ పొద్దే కదా." మరి నవంబరు ఒకటో? "అది పుట్టినరోజు ఎట్లయితాది నాయనా. ఆ పొద్దు మా నాయన హోటల్ మూతబడింది."

మా ముత్తాత హోటల్ సంగతి తర్వాత చెప్తా. ముందు ఈ తేదీల లెక్క చూడాలి.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన చట్టం అమల్లోకి వచ్చింది. దేశం మ్యాప్ ఒక్కరోజులో మారిపోయింది. ఆంధ్రప్రదేశ్, కేరళ, కన్నడ ప్రాంతాలు కలిసిన కొత్త మైసూరు, కొత్త మధ్యప్రదేశ్ అన్నీ ఆ రోజువే. కన్నడిగుల రాష్ట్రానికి కర్ణాటక అనే పేరు రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది, 1973లో, అదీ నవంబరు ఒకటినే. పేరు మారినా తేదీ మారకుండా చూసుకున్నారు. తెలివైన పనే. తమిళులు ఇంకో దారి పట్టారు. 2019లో అక్కడి ప్రభుత్వం నవంబరు ఒకటిని తమిళనాడు దినంగా జరిపింది. ప్రభుత్వం మారాక 2021లో స్టాలిన్ అది కాదు, జూలై 18 అన్నారు. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని 1967లో అన్నాదురై హయాంలో శాసనసభ తీర్మానం చేసిన రోజు అది. నవంబరు ఒకటి వాళ్ల దృష్టిలో ఉన్న నేల విడిపోయిన రోజు, సరిహద్దు పోరాటంలో పోయినవాళ్లని తలుచుకోవాల్సిన రోజు. కేరళలో దీపాలు వెలిగించే తేదీయే సరిహద్దు దాటితే సంతాపం.

ఇక మన దగ్గరికొస్తే, నేను చదివిన బడిలో నవంబరు ఒకటిన పొట్టి శ్రీరాములు ఫొటోకి దండ వేసి, ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణాలిచ్చిన మహానుభావుడు అని చెప్పేవాళ్లు. నేనే ఓ ఏడాది ఆ ప్రసంగం బట్టీపట్టి ఒప్పజెప్పా, చాక్లెట్లు కూడా తిన్నా. ఇప్పుడు చూస్తే అందులో మూడేళ్లకి పైగా తేడా ఉంది. శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత, 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. శ్రీరాములు ప్రాణం పెట్టింది దానికోసం, అదీ మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర కోసం. ఆయన అడిగిన మద్రాసు రాలేదు. ఆయన పోయిన దాదాపు నాలుగేళ్లకి హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణతో కలిసి ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కి ఆయన ఫొటో తెచ్చి తగిలించారు. అక్టోబరు ఒకటి జ్ఞాపకమంతా నవంబరు ఒకటిలోకి బదిలీ అయిపోయింది. తెలుగువాళ్ల కేలెండర్లో ఇంత చడీచప్పుడూ లేకుండా జరిగిన మార్పు ఇంకోటి లేదేమో.

అందులో బాగా నష్టపోయింది కర్నూలు.

కర్నూలుకి రాజధాని ఊరికే రాలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాకి, ఒకటి సీమకి. ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. సీమ రాజధాని కోరుకుంది. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా, కొండారెడ్డి బురుజు తప్ప చెప్పుకోదగ్గ కట్టడం లేని ఊళ్లోకి ఒక ప్రభుత్వం మొత్తం వచ్చి దిగింది. బిల్డింగులు ఎక్కడివి? గుడారాలు వేశారు. ఆఫీసులు గుడారాల్లో, ఉద్యోగుల కాపురాలూ గుడారాల్లో. మద్రాసులో ట్రాములెక్కి తిరిగిన గుమాస్తాలు తుంగభద్ర ఒడ్డున గుడ్డ కప్పుల కింద ఫైళ్లు రాశారు.

ఆ అక్టోబరు ఒకటి కూడా అందరికీ పండగ కాదు. బళ్లారి జిల్లాని ముక్కలు చేసింది ఆ రోజే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకొచ్చాయి. బళ్లారి సహా మిగిలిన ఏడూ మైసూరుకి పోయాయి. బళ్లారి తెలుగువాళ్లని అడిగితే ఆ తేదీకి ఇంకేం పేరు పెడతారో!

మూడేళ్ల ఒక నెల. అంతే కర్నూలు రాజధాని ఆయుష్షు. అందులోనే ప్రకాశం ప్రభుత్వం కల్లు గీత కార్మికుల గొడవలో, మద్యనిషేధం మీద, 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది, ఎన్నికలు జరిగాయి, 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1956 నవంబరు ఒకటిన నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఆంధ్రప్రదేశ్ మొదలైంది. రాజధాని హైదరాబాద్. కర్నూలు తిరిగి జిల్లా కేంద్రం అయింది, హైకోర్టు గుంటూరు నుంచి హైదరాబాద్‌కి పోయింది. శ్రీబాగ్‌లో రాసుకున్న రెండిట్లో ఒక్కటీ అనుకున్నచోట మిగల్లేదు. 2020లో మూడు రాజధానుల చర్చలో కర్నూలుకి న్యాయ రాజధాని అన్నప్పుడు మా అవ్వ టీవీ ముందు నుంచి లేవలేదు. మరుసటి ఏడాది ఆ చట్టాలు వెనక్కి తీసుకున్నప్పుడు ఏమీ అనలేదు. "అలవాటే కదా" అని మాత్రం అంది, మా అమ్మ చెప్పింది.

నవంబరు ఒకటితో ఇబ్బంది కర్నూలు ఒక్కదానికే అనుకుంటే పొరపాటు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం నడిచిన ఏళ్లలో తెలంగాణలో ఆ రోజుని విద్రోహ దినంగా పాటించేవాళ్లు, నల్లజెండాలు ఎగరేసేవాళ్లు. నా వరంగల్ మిత్రుడు చిన్నప్పుడు ఒకే ఉదయం బడిలో అవతరణ దినోత్సవం లడ్డూ తిని, బయటికొచ్చి నల్లజెండా పట్టుకున్నాడట. "రెండూ మనస్ఫూర్తిగానే చేశాను" అంటాడు. విలీనానికి షరతులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1956 ఫిబ్రవరి 20న. ఆ ఒప్పందం అమలు కాలేదన్న కోపంతోనే మొదలైన ఉద్యమం చివరికొచ్చి, విభజన బిల్లు రాజ్యసభలో నెగ్గింది 2014 ఫిబ్రవరి 20న. సరిగ్గా యాభై ఎనిమిదేళ్లు. ఎవరూ ముహూర్తం పెట్టి చేసిందయితే కాదు.

దాంతో జూన్ రెండు వచ్చింది. తెలంగాణకి అది నిక్కమైన పుట్టినరోజు. ఉత్సవం ఏ ప్రభుత్వం ఎంత ఘనంగా చేస్తుందన్నది వేరే సంగతి, తేదీ మీద మాత్రం తగువు లేదు. నది ఇవతల వ్యవహారం విచిత్రంగా తయారైంది. 2015 నుంచి కొన్నేళ్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూన్ రెండున అవతరణ ఉత్సవం కాదు, నవనిర్మాణ దీక్ష చేయించింది. జనం చేత ప్రతిజ్ఞ చేయించేవాళ్లు. హైదరాబాద్‌లో ఆ రోజు బాణాసంచా, విజయవాడలో గంభీరమైన ముఖాలు. నేను అప్పుడు కాలేజీలో ఉన్నా. పుట్టినరోజుకి దీక్షేంటని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడనిపిస్తుంది, దానికి పుట్టినరోజు అనే పేరు పెట్టకపోవడంలో కొంత నిజాయితీ ఉందని. 2019లో ప్రభుత్వం మారాక మళ్లీ నవంబరు ఒకటి అవతరణ దినోత్సవం అయింది.

చట్టం ప్రకారం అదే సరైనదని వాదించొచ్చు. 2014లో కొత్తగా ఏర్పడింది తెలంగాణ మాత్రమే, ఆంధ్రప్రదేశ్ అనే పేరూ ఉనికీ కొనసాగాయి. కానీ నవంబరు ఒకటిన జరిగిన ముఖ్యమైన సంగతి తెలంగాణ కలవడమే కదా. అది విడిపోయాక మిగిలింది, కొంచెం అటూఇటుగా, 1953 అక్టోబరు ఒకటి నాటి రాష్ట్రమే. పెళ్లి పెటాకులయ్యాక కూడా పెళ్లిరోజునే పుట్టినరోజుగా జరుపుకుంటున్నట్టుంది మన పరిస్థితి. తమిళ ప్రభుత్వం లాగా కూర్చుని ఒక తేదీ తేల్చుకోవచ్చు. అక్టోబరు ఒకటి తీసుకుంటే రాజధానిగా కర్నూలునీ గుర్తు చేసుకోవాలి, శ్రీబాగ్‌నీ గుర్తు చేసుకోవాలి. ఆ రెండూ ఇబ్బంది పెట్టే జ్ఞాపకాలు. నవంబరు ఒకటి తీసుకుంటే హైదరాబాద్‌ని, జూన్ రెండు తీసుకుంటే పోగొట్టుకున్నదాన్ని. ఏ తేదీ ఎంచుకున్నా ఎవరో ఒకరికి బాకీ ఉన్నట్టే, అందుకే కాబోలు ప్రభుత్వం మారినప్పుడల్లా తేదీ కూడా కుర్చీ మారుతుంది.

తేదీ ఒకటే అయినా గొడవ తీరదని సెప్టెంబరు 17ని చూస్తే తెలుస్తుంది. 1948లో నిజాం సైన్యం లొంగిపోతున్నట్టు ప్రకటన వచ్చిన ఆ రోజుని కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినం అంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినం అంది. కొందరు విలీనం అంటారు, ఇంకొందరు విద్రోహం అంటారు, ఎందుకంటే భూమి కోసం మొదలైన సాయుధ పోరాటం మీద ఆ తర్వాత మూడేళ్లు కాల్పులు ఆగలేదు. అదే తేదీని మరాఠ్వాడాలో ముక్తి సంగ్రామ దినంగా పెద్ద తకరారు లేకుండా జరుపుకుంటారు. అక్కడి సంస్థానమూ అదే, నిజామూ ఆయనే. దీని మీద ఇంకో వ్యాసం రాయాలి, ఇక్కడ ఆపుతా.

హోటల్ సంగతికొస్తా. దీపావళికి కర్నూలు వెళ్లినప్పుడు అవ్వ ట్రంకుపెట్టె తెరిచి గుడ్డలో చుట్టిన పద్దుల పుస్తకం తీసింది. మా ముత్తాత గుడారాల ఆఫీసులకి దగ్గర్లో ఇడ్లీ హోటల్ పెట్టాడు. మద్రాసు నుంచొచ్చిన గుమాస్తాలకి సాంబారు కావాలి, ఫిల్టర్ కాఫీ కావాలి. అప్పటిదాకా జొన్నరొట్టె, ఉగ్గాణి చేసే మనిషి అరవై ఇడ్లీల పాత్ర, కాఫీ ఫిల్టరు కొన్నాడు. అప్పు చేసి బల్లలు చేయించాడు. అవ్వకప్పుడు పదిహేనో పదహారో. ఎన్నేళ్లో కచ్చితంగా తెలీదు, ఆధార్‌లో జనవరి ఒకటి అని వేశారు. ఏటా ఆ రోజు బ్యాంకు నుంచి శుభాకాంక్షల మెసేజ్ వస్తుంది, "ఎవురో పాపం" అని నవ్వుతుంది.

పుస్తకంలో నెల జీతం మీద తినేవాళ్ల ఖాతాలున్నాయి. పేర్లు తక్కువ, గుర్తులెక్కువ. కళ్లద్దాలాయన, రెవెన్యూ అయ్యర్, మూడో గుడారం పొట్టాయన. రూపాయలు, అణాలు, పైసలు. 1956 వేసవి దాకా పేజీలు కిక్కిరిసి ఉన్నాయి. తర్వాత పలచబడ్డాయి. అక్టోబరులో సగం పేర్ల మీద అడ్డగీతలు, అంటే బాకీ కట్టి పోయారు. కొన్నిటి మీద గీతల్లేవు.

"హైదరాబాదు పోయి మనియార్డరు పంపుతామని చెప్పినారంట. మా నాయన చానా దినాలు పోస్టాయన కోసం చూసినాడు" అంది అవ్వ.

చివరి పేజీలో ఒకే పద్దు. తేదీ అక్టోబరు 30. కళ్లద్దాలాయన, ఏడు రూపాయల పన్నెండు అణాలు.