కాడి విప్పే పొద్దు

మంజీరకు చేరువలో, మహారాష్ట్రలోని దెగ్లూరుకు పొరుగున ఉన్న మద్నూర్ నల్లరేగడి సీమ. 1956 వరకు ఈ రెండు ఊళ్లూ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండగా, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో దెగ్లూరు బొంబాయి రాష్ట్రానికి, మద్నూర్ ఆంధ్రప్రదేశ్‌కు చెందాయి. 2016 అక్టోబరులో మద్నూర్ కొత్త కామారెడ్డి జిల్లాలో చేరింది. సరిహద్దు ఎటు జరిగినా సేద్యం ఒక్కటే. వానకు బంకలా సాగి ఎండకు నెర్రెలు విచ్చే ఈ నేలను ట్రాక్టర్లు రాకముందు దున్నినవి ఎడ్లు. లాతూరు జిల్లాలోని దేవణి ఊరిపేరుతో ప్రసిద్ధి పొంది, నాందేడ్, బీదర్ ప్రాంతాల్లోనూ పెరిగిన దేవణి జాతి ఈ సీమకు ఇరుగుపొరుగు పశువే.

ఎండాకాలపు దుక్కిలో తెల్లవారకముందే నాగలి కట్టి, పొద్దెక్కగానే కాడి విప్పి, ఎడ్లను నీడకూ నీటికీ తోలడం రైతుకు తరతరాల అలవాటు. దీనిని దయగా మాత్రమే చూడడం చాలదు, ఎందుకంటే కండరం మేత నుంచి పొందిన శక్తిలో ఇంచుమించు నాలుగో వంతే లాగుడుగా మారి, మిగిలినది వేడిగా ఒంట్లోనే నిలుస్తుంది. ఆ వేడి చర్మం నుంచీ ఊపిరి నుంచీ బయటపడాలి. దేహం పెరిగేకొద్దీ బరువు పెరిగినంతగా చర్మపు వైశాల్యం పెరగదు కాబట్టి, పెద్ద పశువుకు ఒక్కో కిలో బరువుకు దక్కే చర్మం తక్కువ.

అయినా ఎద్దు ఒళ్లు మేక ఒంటికన్నా వేడిగా ఉండదు. ఎద్దుకు దాదాపు 38.5, మేకకు 39, మనిషికి 37, ఏనుగుకు 36 డిగ్రీల సెల్సియస్. బరువులో వందల రెట్ల తేడా ఉన్నా వేడిలో తేడా మూడు డిగ్రీలే. మారేది వేడి కాదు, దానిని పుట్టించే వేగం. విశ్రాంతిలో ఉన్న జీవి ప్రాణం నిలుపుకోవడానికి ఖర్చు చేసే శక్తిని జీవక్రియ రేటు అంటారు. 1883లో జర్మనీలో మాక్స్ రుబ్నర్ చిన్నా పెద్దా కుక్కలను పరీక్షించి, ఈ రేటు చర్మపు వైశాల్యాన్ని అనుసరిస్తుందని చెప్పగా, 1932లో మాక్స్ క్లైబర్ పావురం, ఎలుక మొదలు ఎద్దు దాకా లెక్కలు పోల్చి, అది బరువు యొక్క నాలుగింట మూడో ఘాతాన్ని అనుసరిస్తుందని సవరించాడు.

ఘాతమనే మాట బెదిరించినా దాని అర్థం పశువుల దొడ్డిలోనే దొరుకుతుంది. 400 కిలోల ఎద్దు తూకానికి 25 కిలోల మేకలు పదహారు సరితూగుతాయి. క్లైబర్ సూత్రం ప్రకారం, కదలకుండా ఉన్నప్పుడు ఎద్దుకు రోజుకు సుమారు 6,260 కిలోకేలరీలు కావాలి, ఆ పదహారు మేకలకు కలిపి సుమారు 12,520, అంటే సరిగ్గా రెట్టింపు. కిలోకు కిలోగా చూస్తే నిలబడ్డ ఎద్దు పొదుపరి, కానీ నాగలికి కట్టాక ఆ పొదుపు చెల్లదు. కండరాలలో మంట పెరిగితే, దానిని వెళ్లగొట్టే చర్మం మాత్రం అంతే. ఆ మిగులు భారాన్ని చెమట కొంత మోస్తుంది, మిగతాది మధ్యాహ్నపు నీడ మోయాలి. చెమట గ్రంథులు తక్కువైన నల్లటి గేదెకు నీడ కూడా చాలదు కాబట్టే అది బురదగుంటను వెతుక్కుంటుంది.

శ్రావణ అమావాస్యనాడు వచ్చే ఎడ్ల పొలాల పండుగను ఈ సరిహద్దులో మరాఠీవారూ తెలుగువారూ కలిసి జరుపుకుంటారు. మరాఠీ ఆచారంలో ముందునాడే కాడి ఒరుసుకున్న మెడలకు పసుపు, నెయ్యి రాసి రుద్దుతారు. పండుగనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులద్ది, ఊరేగిస్తారు. ఆ రోజు కాడి మాత్రం ఏ ఎద్దు మెడ మీదికీ రాదు.