కోటల ఊళ్ళకు సంత రోజున వెళ్ళండి



సెలవులు వస్తున్నాయంటే మగవాళ్ళకు టిక్కెట్ల బెంగ, పిల్లలకు ఎక్కడ ఏం కొనిపెడతారోనన్న ఆశ. మనకేమో పాలవాడికి ఎవరు చెబుతారు, తులసికోటకు నీళ్ళెవరు పోస్తారు అన్న దిగులు. ఆ దిగులు ఎప్పుడూ ఉండేదే గనుక దాన్ని కాసేపు గూట్లో పెట్టి, ఇవాళ ఒక నాలుగు రోజుల ప్రయాణం గురించి మాట్లాడుకుందాం.

ఇంగ్లండులో ఉంటున్న మా అక్క కూతురు పోయిన వేసవిలో ఫోను చేసింది. "పిన్నీ, ఇక్కడ సెలవులొస్తే పల్లెటూళ్ళ మధ్య పాత సంత ఊళ్ళు చూడ్డానికి పోతారు. మేమూ పోయొచ్చాం. మన దగ్గర ఇలాంటివి లేవా?" అంది. ఫొటోలు కూడా పంపింది. తేనెరంగు రాతి ఇళ్ళు, మధ్యలో ఒక పాత మండపం. ఆ ఊరి పేరు చిప్పింగ్ క్యాంప్‌డెన్. చిప్పింగ్ అంటే వాళ్ళ పాత భాషలో సంత అనట. మన గోపాలపేట, నారాయణపేటల్లో 'పేట' ఉన్నట్టన్నమాట. ఆ మండపాన్ని 1627లో బాప్టిస్ట్ హిక్స్ అనే ధనవంతుడు కట్టించాడు. ఎవరికోసమనుకున్నారు? వెన్న, జున్ను, కోళ్ళు అమ్ముకునే వాళ్ళు ఎండకూ వానకూ తడిసిపోకుండా నిలబడ్డానికి! వెన్న తీసేదీ కోళ్ళు పెంచేదీ ఏ దేశంలోనైనా ఎవరో మీకు నేను చెప్పనక్కర్లేదు కదా.

ఆ పక్కనే స్టో అని ఇంకో ఊరు ఉంది. సంత పెట్టుకోవడానికి 1107లో వాళ్ళ రాజు అనుమతి ఇచ్చాడు. అక్కడి సంతలో ఒక్కరోజులో ఇరవై వేల గొర్రెలు అమ్ముడయ్యాయని డేనియల్ డీఫో రాశాడంటారు. గొర్రెలు లెక్కకు ఒక్కొక్కటిగా వచ్చేందుకు వీలుగా ఆ ఊళ్ళో సన్న సన్న సందులు ఇప్పటికీ ఉన్నాయి.

వీటన్నిటికంటే నాకు నచ్చింది వాళ్ళ పాత లెక్క ఒకటి. పదమూడో శతాబ్దంలో బ్రాక్టన్ అనే న్యాయశాస్త్రవేత్త, ఒక సంతకు ఆరూ ముప్పాతిక మైళ్ళ లోపున, ఖచ్చితంగా చెప్పాలంటే ఆరు మైళ్ళూ మైలులో మూడింట రెండు వంతుల లోపున, పాత సంతను దెబ్బతీసేలా ఇంకో సంత పెట్టకూడదన్నాడు. ఎందుకంటే మనిషి రోజుకు ఇరవై మైళ్ళు నడుస్తాడు. పొద్దులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు బేరసారాలకు, మిగిలింది చీకటి పడక ముందే ఇల్లు చేరడానికి. దొంగల భయం ఆ రోజుల్లో అక్కడా ఉండేది మరి.

మన దగ్గర ఇలా ఎవరూ పుస్తకంలో రాసిపెట్టకపోయినా, ఎడ్లబండి ఆ లెక్క తానే చూసుకుంది. ఒక ఊళ్ళో సోమవారం అంగడి అయితే పక్క ఊళ్ళో బుధవారం, దాని పక్క ఊళ్ళో శనివారం. గాజులమ్మేవాడు వారమంతా తిరిగి మళ్ళీ మొదటి ఊరికొస్తాడు. ఇవి లేవా అని అడిగిన పిల్లకు నేను చెప్పిన జవాబు ఇదే. లేకేం తల్లీ, మీ అమ్మమ్మ ఊరి చుట్టూ ఉన్నవన్నీ అవే.

మా అమ్మది కోడేరు. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసే దాకా పాలమూరు జిల్లానే. కోడలిగా అమ్మ ఆ ఊళ్ళో అడుగుపెట్టిన నాటికి మా ఇంట్లో ఆడవాళ్ళు అంగట్లోకి పోయే అలవాటు లేదు. పెరట్లో నాలుగు బర్రెలుండేవి. అమ్మ కాచిన నెయ్యి అంగడికి పోయేది కానీ అమ్మ పోయేది కాదు. నెయ్యి గిన్నె ఎత్తుకుపోయే ఒక ముసలమ్మ సాయంత్రం వచ్చి డబ్బులు చేతిలో పోసేది. "ఎంతకు పోయిందమ్మా?" అంటే "ధర పడిపోయింది బిడ్డా" అనేదే తప్ప ఎంతో చెప్పేది కాదు. పాపం, ఆమె నిజమే చెప్పిందేమో, ఆమెకూ బతుకుండాలి. కానీ తన నెయ్యికి సరైన ధరెంతో అమ్మకు ఇరవై ఏళ్ళు తెలియలేదు.

మా నాయన ఎడ్ల కోసం పెబ్బేరు సంతకు పోయి ఏ రాత్రికో తిరిగొచ్చేవాడు. అమ్మ దీపం పట్టుకుని వాకిట్లో ఎదురొచ్చి, కొత్త ఎడ్లకు దిష్టితీసి, కుంకుమ పెట్టి లోపలికి పిలిచేది. ఎడ్లు వచ్చిన దారి మాత్రం ఎరగదు. అందుకే పోయినేడు ఈ ప్రయాణం వేసేటప్పుడు కోటలూ గుళ్ళూ ఎలాగూ ఉంటాయి, సంత రోజును బట్టే మిగతా రోజులు సర్దుకుందామనుకున్నాను. మీరూ అలాగే చేయండి. కోట ఏ రోజైనా అక్కడే ఉంటుంది, సంత వారానికి ఒక్కరోజే.

శుక్రవారం హైదరాబాదులో బయల్దేరితే కొత్తకోట మీదుగా మధ్యాహ్నానికి వనపర్తి. రైల్లో పోయేవాళ్ళకు ఒక మాట: 'వనపర్తి రోడ్' అన్న బోర్డు చూసి ఊరొచ్చిందని సంబరపడకండి. అది మదనాపురం దగ్గరుంది, ఊరికి ఇంకా చాలా దూరం. పేరులో 'రోడ్' అన్న మాట ఉట్టినే పెట్టలేదు.

కాశీయాత్రకు 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు శ్రీశైలం చూసుకుని, కృష్ణ దాటి, వనపర్తి మీదుగానే హైదరాబాదు చేరారు. మేనాలో కూర్చున్నంత మాత్రాన ఆయన కళ్ళు మూసుకోలేదు. ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, ఏ మజిలీలో బియ్యం, పప్పు దొరుకుతాయి, నీళ్ళెలా ఉన్నాయి అని గృహిణిలా లెక్క రాసుకున్నారు. దేవుణ్ణి చూడబోయే మనిషి దారిలో అంగళ్ళను మరువలేదు చూశారా! ఆనాటి ఊళ్ళ సంగతులు చరిత్ర రాసేవాళ్ళకు ఇవాళ ఆయన పుస్తకంలో దొరుకుతున్నాయంటే కారణం ఆ అలవాటే.

ఉమ్మడి పాలమూరు జిల్లాలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట అని సంస్థానాలుండేవి. నిజాముకు కప్పం కట్టి లోపల తమ పాలన తాము చేసుకునేవారు. 1949లో జాగీర్లతో పాటు ఇవీ పోయాయి. వనపర్తి రాజభవనంలో తరువాత పాలిటెక్నిక్ వచ్చింది. దర్బారు జరిగిన చోట పిల్లలు మిషన్ల పాఠాలు చెప్పుకున్నారు. నాకైతే అంతకంటే మంచి ఉపయోగం కనబడదు. ఈ ఇంటి కోడలే కుముదినీ దేవి గారు. కుష్ఠు రోగులను ఇంటివాళ్ళే వెలివేసే రోజుల్లో, 1958లో కూకట్‌పల్లిలో వాళ్ళ కోసం శివానంద ఆశ్రమం స్థాపించారు. 1962లో హైదరాబాదుకు మొట్టమొదటి మహిళా మేయరయ్యారు, వనపర్తి నుంచి శాసనసభకూ వెళ్ళారు. పరదా చాటున పెరిగిన ఇళ్ళల్లోంచి అలా వచ్చారంటే, అంగడికి పోని మా అమ్మను తలుచుకుని ఆ భవనం ముందు కొంచెంసేపు నిలబడ్డాను.

శనివారం పెబ్బేరు. ఎండెక్కక ముందే చేరాలి. పండుగలొస్తే సంత అటూ ఇటూ కావచ్చు గనుక ముందు వాకబు చేసుకోండి. అక్కడ ఎద్దు నోరు తెరిచి పండ్లు చూసి వయసు చెబుతారు. రెండు పండ్లది, నాలుగు పండ్లది, ఆరు పండ్లది అని. ఒంటిమీద సుళ్ళు చూస్తారు. కొంచెం దూరం నడిపించి కాళ్ళ ఒడుపు చూస్తారు. మనం పెళ్ళిచూపుల్లో ఇంత శ్రద్ధ పెట్టం. ఇక బేరమంటే నోటితో కాదు, తువ్వాలు కింద! కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డ పదిమందికి ఒక్క ముక్క తెలియదు. మధ్యవర్తి మొహం చూసి ఏమైనా కనిపెడదామని చూశాను కానీ, వాళ్ళు మనకంటే ఆరితేరినవాళ్ళు.

అమ్మ మాత్రం ఎడ్ల దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. ఆడవాళ్ళు కూర్చుని అమ్ముకునే వైపు నడిచింది. గోనెపట్టా మీద ఎండుమిర్చి పోసుకుని, కొంగు తలమీద కప్పుకుని కూర్చున్న ఒకామె దగ్గర ఆగి ధర అడిగింది. నేను అలవాటు కొద్దీ సగానికి బేరం మొదలుపెట్టాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "బేరమాడకు. ఎండల కూసుంది. అడిగింది ఇయ్యి" అంది. తర్వాత ఆమె పక్కనే చతికిలబడి, ఏ ఊరు, తెల్లారి ఎన్నింటికి లేచినవు, ఎవరితో వచ్చినవు అని అరగంట మాట్లాడింది. ఇంట్లోనే ఉండి సరుకు మరొకరి చేతికిచ్చిన మనిషికి, ఎదురుగా కూర్చుని అమ్ముకునే మనిషితో అడగవలసినవి అన్నేళ్ళ ప్రశ్నలున్నాయి మరి.

క్యాంప్‌డెన్ మండపం నాకు అప్పుడు గుర్తొచ్చింది. మన సంస్థానాధీశులు చెరువులు తవ్వించారు, గుళ్ళు కట్టించారు, కవులకు కనకాభిషేకాలు చేశారు. అమ్ముకునే ఆడవాళ్ళకు నీడ కావాలన్న ఆలోచన మాత్రం తక్కువమందికి వచ్చింది. ఈనాటికీ చాలా సంతల్లో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉండదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. ఇది రేడియోలో చెప్పే మాటేనా అంటారేమో. ఇక్కడ కాక ఇంకెక్కడ చెప్పుకుంటాం?

పెబ్బేరు పక్కనే శ్రీరంగాపురం. వనపర్తి రాజులు కట్టించిన రంగనాయకస్వామి గుడి, మూడు వైపులా చెరువు. పులిహోర పొట్లాలు విప్పడానికి అంతకంటే చల్లని చోటు దొరకదు.

తరువాత బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేల గనుక ఆ పేరు. గద్వాల కోట మట్టికోట, సోమనాద్రి అని జనం పిలుచుకునే పెద సోమభూపాలుడు కట్టించాడు. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. 1924లో భర్త పోయాక సంస్థానాన్ని ఏలింది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. పండితులను ఆదరించే ఊరు గనుక 'విద్వద్గద్వాల' అన్న పేరొచ్చింది.

పండితుల సంగతి ఎలా ఉన్నా, మనం పోయేది చీరల కోసమని ఒప్పేసుకుందాం. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగునూ పట్టు పోగునూ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. మూడు నాడెలు ఆడాలి. ఆ అతుకు దగ్గరే నేతగాడి పనితనం తెలుస్తుంది, వేలితో తడిమి చూడండి. కొనేటప్పుడు దుకాణంతో సరిపెట్టుకోకుండా ఒక మగ్గం ఇంటికి వెళ్ళండి. మగ్గం మీద మగమనిషి కనబడతాడు. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఇల్లాలు చీర లెక్కలో ఎక్కడా కనబడదు.

ఆదివారం అలంపురం. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ అమ్మవారు. వీటి గురించి ఎందరో చెప్పారు గనుక నేను చెప్పను. అక్కడున్న కూడలి సంగమేశ్వరాలయాన్ని మాత్రం తీరిగ్గా చూడండి. అది మొదట నదుల కూడలిలో, కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. కొల్లాపూర్ వైపు జటప్రోలు గుళ్ళనూ ఇలాగే పైకి తరలించారు.

సోమవారం మళ్ళీ కృష్ణ దాటి కొల్లాపూర్ వస్తే ఆ కథ ఇంకో వైపు నుంచి తెలుస్తుంది. సురభి వంశం వాళ్ళ రాజధాని మొదట జటప్రోలే, తరువాత కొల్లాపూర్‌కు మార్చుకున్నారు. 1980ల మొదట్లో జలాశయం నిండినప్పుడు నదికి రెండు వైపులా కలిపి సుమారు వంద ఊళ్ళు మునిగాయి. గుడి రాళ్ళకు అంకెలు వేసి మళ్ళీ పేర్చగలిగారు. నది ఒడ్డున వందల ఏళ్ళుగా ఫలానా వారం ఫలానా ఊళ్ళో కలుసుకునే మనుషులకు ఎవరు అంకెలు వేస్తారు? ఒకళ్ళు అటు కర్నూలు వైపు పోయారు, ఒకళ్ళు ఇటు మిగిలారు. కోడేరులో మా ఇంటికి నది ఒడ్డు నుంచి చింతపండు తెచ్చే కుటుంబం ఆ తరువాత మళ్ళీ రాలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. సోమశిల దగ్గర నీళ్ళు చాలా అందంగా ఉంటాయి. పడవెక్కండి, ఫొటోలు తీసుకోండి. కిందున్న ఊళ్ళ పేర్లు ఒకటి రెండైనా పిల్లలకు అడిగి చెప్పించండి.

కొల్లాపూర్ మామిడి కావాలంటే వేసవిలో పోవాలి, కానీ పాలమూరు ఎండ మామూలుది కాదు. నన్నడిగితే సంక్రాంతి మేలు. కొల్లాపూర్ దగ్గర సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి జాతర అప్పుడే. దేవుడి దర్శనం ఎంతసేపో అంగళ్ళు తిరగడం అంతకు నాలుగింతలు. మా అమ్మ ఈసారి అక్కడికి పోదామంటోంది. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తానే కట్టుకొస్తుందట. బేరం మాత్రం నన్నాడనివ్వదట. అంగట్లో ఎక్కడైనా ఒక పెద్దావిడ అమ్మేవాళ్ళ పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ కనిపిస్తే, వెనక సంచులు పట్టుకుని నిలబడ్డ మనిషిని నేనే. పలకరించండి.