ఓడ జాబితాలో లేని గడి

డర్బన్ నుంచో పోర్ట్ లూయిస్ నుంచో ఎవరైనా ముత్తాత ఊరు వెతుక్కుంటూ శ్రీకాకుళం వచ్చి నా ఫోను పట్టుకున్నారంటే, నేను మొదట అడిగేది ముత్తాత పేరు కాదు, ఆయన నంబరు. వాళ్ళు కొంచెం నొచ్చుకుంటారు. పూర్వీకుణ్ణి ఖైదీలాగా నంబరుతో చెప్పమంటున్నాడేమిటి అనుకుంటారు. కానీ దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవులో దిగిన ప్రతి కూలీకీ అక్కడి ప్రభుత్వం ఒక వరుస సంఖ్య వేసింది. పెళ్ళి నమోదులోనూ, పిల్లల జనన పత్రంలోనూ, మరణ పత్రంలోనూ అదే సంఖ్య తిరుగుతుంది. పేరు ఒక్కో గుమాస్తా చేతిలో ఒక్కో రూపం ఎత్తుతుంది. అంకె అలా మారదు. కొత్తగా వంశవృక్షం మొదలుపెట్టేవాళ్ళు ఇండియా టిక్కెట్టు కొనే ముందు తమ ఊళ్ళోనే, అమ్మమ్మ ట్రంకు పెట్టెలోనే, ఆ అంకె కోసం వెతకాలి. సగంమంది విమానం దిగాక ఈ మాట వింటారు.

నేను చరిత్రకారుణ్ణి కాను. సర్వే శాఖలో గొలుసు లాగి, ఎఫ్ఎంబీలు, అంటే పొలాల కొలతల పటాలు, గీసి రిటైరైనవాణ్ణి. ఊళ్ళ హద్దులు నాకు తెలుసు గనక మనుషుల్ని వెతికేవాళ్ళు నా దగ్గరికి రావడం మొదలైంది.

లెక్కలు కొంచెం చెప్పాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరినవాళ్ళను డర్బన్‌లో దింపింది. 1911లో ఆ వలస ఆగేదాకా మొత్తం 1,52,184 మంది గిర్మిటి, అంటే కూలి ఒప్పందం, కింద నేటాల్ వెళ్ళారు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు ఓడలెక్కినవాళ్ళే. వాళ్ళలో అరవలూ ఉన్నారు, గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. కొందరు చెరకు తోటలకు, కొందరు బొగ్గు గనులకు, కొందరు రైల్వేకు. ఆ ఓడల జాబితాలు ఈ రోజు డర్బన్‌లోని గాంధీ–లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్లో చూడొచ్చు. మారిషస్ కథ ఇంకా పాతది. 1834 నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు నాలుగున్నర లక్షలకు పైనే. వాళ్ళ రిజిస్టర్లు మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఫిజీకి 1903లో మద్రాసు ఓడలు మొదలయ్యాయి. 1916లో ఆగేసరికి అలా వెళ్ళినవాళ్ళు 15,114 మంది. ఒక్కొక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాసు.

నేటాల్ జాబితా ఒక పేజీ చూస్తే ఎంత వివరంగా ఉందో అని ఆశ్చర్యం వేస్తుంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, అంగుళాల్లో ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఎడమ మోకాలి మీద మచ్చ ఉందని కూడా రాసిపెట్టారు. వయసు దగ్గర మాత్రం గుమాస్తాలు కళ్ళతో కొలిచారు. ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. ఎవరూ ఇరవై మూడేళ్ళవాళ్ళు కానట్టే ఉంటుంది. అన్నీ ఉన్నాయి గానీ ఇంటిపేరుకు గడి లేదు.

మనకు ఇది చిన్న లోటు కాదు. ఒక తెలుగు పల్లెలో మనిషిని పట్టుకోవాలంటే ఇంటిపేరే దారి. జాబితాలో కులం ఉంది, అప్పన్న అని పేరుంది, సింహాచలం అని తండ్రి పేరుంది. విజయనగరం, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు చూపించమనండి చూద్దాం. పైగా అవతలి దేశంలో తండ్రి పేరో తాత పేరో పిల్లలకు ఇంటిపేరైపోయింది. డర్బన్ ఫోను పుస్తకంలో అప్పల్‌సామి, మారిషస్‌లో అప్పాడూ, సనాసీ, సిమాద్రీ. ఇవి ఇక్కడికి తెచ్చి ‘మా ఇంటిపేరు సిమాద్రీ, మావాళ్ళు ఎవరైనా ఉన్నారా’ అంటే ఊరివాళ్ళు జాలిగా చూస్తారు తప్ప ఏం చెప్పగలరు? నాయుడు, రెడ్డి అన్నవైతే మరీ ప్రమాదం. సముద్రం దాటాక ఆ తోకలు తగిలించుకున్నవాళ్ళు చాలామంది. ఆ పేరును నమ్మకుండా ఓడ జాబితాలో కులం గడిలో ఏముందో చూడాలి. అది చూసి కొందరి మొహం మారిపోవడం నేను చూశాను. పూర్వీకులు కావాలంటే ఉన్నవాళ్ళే కావాలి మరి.

కాగితంలో లేని ఇంటిపేరు ఒక్కోసారి నోట్లో ఉంటుంది. ఇంట్లో పెద్దావిడ పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు గోత్రం అంటుంది. పిల్లలకు అర్థం కాని మాటేదో పెళ్ళిళ్ళలో వినబడుతుంది. మారిషస్ తెలుగువాళ్ళు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు. ఆ రెండు మాటలు వింటే చాలు, వీళ్ళ మూలం కృష్ణకు దక్షిణాన కాదు, మా వైపే అయ్యుంటుందని నేను అనుకుంటాను. ఇది రుజువు కాదు, వాసన. వెతుకులాటలో వాసన కూడా పనికొస్తుంది.

ఇంతకీ ఇన్ని వివరాలు ఎందుకు రాసుకున్నారు? పారిపోతే పట్టుకోవడానికి. మారిషస్‌లో 1867 చట్టం కింద ఒప్పందం తీరిన పాత కూలీలు కూడా ఫోటో అంటించిన టిక్కెట్టు జేబులో పెట్టుకు తిరగాలి. అది లేకుండా రోడ్డు మీద కనబడితే పోలీసు పట్టుకుపోతాడు. ఈ రోజు మునిమనవలు ఆ ఫోటోను పెద్దది చేయించి హాల్లో గోడకు కట్టుకుంటున్నారు. నేటాల్‌లో 1895 చట్టం గడువు తీరాక ఉండిపోయినవాళ్ళ మీద ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. పన్ను అంటే మళ్ళీ పేర్లూ నంబర్లూ కాగితాలూ. మనిషిని ఎంత గట్టిగా కట్టేస్తే కాగితం అంత బాగా మిగిలింది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మా చినతాత, అంటే మా తాత తమ్ముడు, బర్మాలోని రంగూన్ వెళ్ళాడు. కళింగపట్నంలో స్టీమరెక్కాడు. డెక్కు టిక్కెట్టు, సొంత డబ్బు, ఏ ఒప్పందమూ లేదు. మా వైపునుంచి కోతలయ్యాక వేలమంది అలాగే పోయేవారు, రైసు మిల్లుల్లో, రేవులో బరువులు మోసేవారు. రంగూన్‌లో తెలుగువాణ్ణి కోరంగివాడనేవారు. 1930లో రేవు కూలీల మీద జరిగిన అల్లర్లలో చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. 1942లో జపానువాళ్ళు వచ్చినప్పుడు అడవుల్లో నడిచొచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళున్నారు. మా చినతాత ఎత్తు ఎంతో, మోకాలి మీద మచ్చ ఉందో లేదో ఎక్కడా లేదు. టిక్కెట్టు మీద పేరు రాయలేదు కదా. మలయాకు కంగాణీల, అంటే కూలీల మేస్త్రీల, వెంట వెళ్ళినవాళ్ళదీ ఇంచుమించు ఇదే తంతు. అందుకే బర్మా వైపు వెతికేవాళ్ళకు ఆఫీసులు తిరగొద్దనే చెబుతాను. ఏ రేవులో ఎక్కారు, ఏ మేస్త్రి మనిషి, ఇంటికి మనియార్డరు ఏ పోస్టాఫీసుకు వచ్చేది, ఇవే అడగమంటాను. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల ముసలివాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు గనక అవి ముందు, మిగతావి తర్వాత.

ఇక ఊరు. ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొస్తుంది.

జాబితాలో జిల్లా ‘గంజాం’, తాలూకా ‘చికాకోల్’ అని ఉంటే పాపం చాలామంది భువనేశ్వర్‌లో దిగి బరంపురం పోతారు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లాలోవి. ఆ ఏడాది విశాఖపట్నం జిల్లాకు వచ్చాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా విడిపోయింది, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం. అంటే ఒక్క అంగుళం కదలకుండా ఒకే ఊరు నాలుగు జిల్లాలు చూసి ఉండొచ్చు. దక్షిణాన కూడా ఇదే చిక్కు. ‘ఉత్తర ఆర్కాటు’ అని ఉంటే వెల్లూరు వైపే అనుకోకూడదు. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా చంద్రగిరి, చిత్తూరు అందులోవే. మదనపల్లె మాత్రం అప్పుడు కడపలో ఉండేది. ఒంగోలు వాళ్ళు 1970కి ముందు కాగితాల్లో ప్రకాశం జిల్లా కోసం వెతికితే దొరకదు.

ఊరి పేరు ఇంకో తలనొప్పి. మావాడు చెప్పింది మా యాసలో, విన్నది మద్రాసు గుమాస్తా, రాసింది ఇంగ్లీషులో, దాన్ని నేటాల్‌లో ఇంకొకడు నకలు తీశాడు. గట్టిగా పైకి చదివితే సగం విడిపోతాయి. కళ్ళతో చూడొద్దు, నోటితో చదవండి అంటాను. కొత్తవలసలు, కొత్తూళ్ళు, వెంకటాపురాలు ఎన్నో ఉన్నాయి గనక తాలూకా గడి వదిలితే పని చెడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది శివారు పల్లెల దగ్గర. మనిషి తను పుట్టిన పేటో, వలసో, గూడెమో చెబుతాడు. రెవెన్యూ జాబితాలో ఉండేది పెద్ద గ్రామం. కాబట్టి జనాభా లెక్కల ఊళ్ళ పట్టికలో లేదంటే ఆ ఊరు లేదని కాదు. పాత గ్రామ నక్షాలో నివేశన స్థలాల పక్కన చిన్న అక్షరాలతో ఉంటుంది చూడాలి. కార్‌మైకేల్ 1869లో రాసిన విశాఖ జిల్లా మాన్యువల్, మాల్ట్‌బీ 1882 నాటి గంజాం మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజిటీరు, ఈ మూడూ పక్కన పెట్టుకుంటే ఏ ఊరు ఏ జమీందారు కింద ఉండేదో తెలుస్తుంది.

జమీందారు సంగతి ఎందుకంటే, విశాఖ జిల్లా మైదానంలో పాలకొండ, గొలుగొండ, సర్వసిద్ధి తాలూకాలు తప్పితే దాదాపు అంతా జమీందారీ. రైత్వారీ ఊళ్ళలో రైతు పేరు సెటిల్‌మెంటు రిజిస్టర్లో పడుతుంది. జమీందారీలో రైతుకు సర్కారుతో పని లేదు, లెక్కంతా ఎస్టేటు దివాణంలో, కరణం ఇంట్లో. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి సర్వే అయ్యాకగాని ఆ పేర్లు మా శాఖ కాగితాల్లోకి ఎక్కలేదు. అప్పటికి ఓడెక్కినవాడు పోయి అరవై డెబ్భై ఏళ్ళు. 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాక వాళ్ళ అటకల మీది కట్టలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని పొయ్యిలోకి పోయాయి. అయినా ఓడెక్కినవాళ్ళలో భూమిలేనివాళ్ళు బోలెడుమంది. ఏ భూమి రిజిస్టరూ వాళ్ళ పేరు రాయదు.

కాగితం లేనిచోట పాడేవాళ్ళున్నారు. పిచ్చుకుంట్లవాళ్ళు, ఇప్పుడు వంశరాజులంటున్నారు, కాపు, రెడ్డి కుటుంబాల గోత్రాలూ ఇంటిపేర్లూ పాడతారు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు. వాళ్ళు ఫలానా అప్పన్న నేటాల్ వెళ్ళాడని చెప్పరు, అది వాళ్ళ పని కాదు. కానీ ఫలానా కులంలో ఏ ఇంటిపేర్లవాళ్ళు ఏ ఊళ్ళలో ఉన్నారో చెప్పగలరు. పది ఊళ్ళ వెతుకులాట రెండు ఊళ్ళకు దిగుతుంది. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఇదేదీ పనిచెయ్యదు. నూరుగురు మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఓడలో ఉండాలని నిబంధన. ఓడెక్కే ముందు ఉంచే డిపోలోనే కట్టిన జంటలు ఎన్నో. ముత్తవ్వ ఊరిని ముత్తాత తాలూకాలో వెతకకూడదు, ఆమె గడి ఆమెదే.

చివరికి ఊరు దొరికిందనుకోండి. డర్బన్ నుంచి వచ్చిన ఒకావిడను తీసుకుని నేను పాత చికాకోల్ తాలూకాలో ఒక పల్లెకు వెళ్ళాను. రిటైరైన టీచరు ఆవిడ, నన్ను అంకుల్ అంటుంది. రచ్చబండ దగ్గర విషయం చెప్పగానే మాటలు ఆగిపోయాయి. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు.

‘సర్వేరు బాబూ, ఈవిడ ఆస్తికొచ్చిందేటి?’

‘లేదు తాతా, చూసి పోదామని.’

‘సూడ్డానికి అంత దూరం నుంచొత్తారా ఎవలైనా? నువ్వు గొలుసు కూడా తెచ్చావేటి?’

ఆయన్ని తప్పుపట్టలేను. భూమి రేటు పెరిగిన చోట మూడు తరాల కిందటి అన్నదమ్ముడి వారసురాలు ఊడిపడితే ఎవరికైనా గుండె దడే. నేనిప్పుడు కొత్తవాళ్ళకు ముందే చెబుతున్నాను: ఫైలు పట్టుకుని వెళ్ళొద్దు, ఊళ్ళో గుడికి ఏదైనా ఇవ్వాలని వచ్చామనో, పెద్దల పేరు మీద నాలుగు కొబ్బరికాయలు కొట్టి పోతామనో మొదలుపెట్టండి. ఆవిడ ఫైలు పట్టుకునే వచ్చింది. పెద్దాయన వంద రూపాయల స్టాంపు కాగితం మీద నాకు ఏ వాటా వద్దు అని రాసిమ్మన్నాడు. ఆవిడ నవ్వలేదు, శ్రీకాకుళం నుంచి కాగితం తెప్పించి సంతకం పెట్టింది. సాక్షి సంతకం నాది. అప్పుడు గానీ ఒక ఇల్లు చూపించలేదు.

ఆ ఇంటివాళ్ళ కులం జాబితాతో కలిసింది, వంశంలో సింహాచలం అనే పేరుంది, ఎవరో సముద్రం దాటి పోయాడన్న మాట కూడా వాళ్ళ ఇంట్లో ఉంది. రంగూన్ అంటారు వాళ్ళు. నా లెక్కలో ఇది ఇంకా తేలలేదు. జాబితాలో తాలూకా గడి తడిసి సగం అలికిపోయింది, టెక్కలి వైపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. ఆవిడ మటుకు ఆ ఇంట్లో భోంచేసి, వాళ్ళ ఇంటిపేరు రాసుకుని వెళ్ళిపోయింది. వానలు తగ్గాక టెక్కలి వైపు నేను ఒక్కణ్ణే వెళ్ళి చూసొస్తాను.