నెత్తుటికి మాన్యం, గుండెకు అర్జీ

సైన్యంలో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు నా పనల్లా రిటైరైన సిపాయిలకు పెన్షన్ అర్జీలు రాసిపెట్టడం. మా ఇల్లు కోయంబత్తూరు పీలమేడులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, అర్జీలో ఇంగ్లీషు. మదురై వైపు తిరుమంగళం, ఉసిలంపట్టి ఊళ్ల నుంచి కూడా మన తెలుగువాళ్లు ఫైళ్లు చంకన పెట్టుకుని వస్తారు. వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేవి గుండె జబ్బు కేసులు. అవి ఎందుకంత కష్టమో చెప్పాలంటే మన పెద్దలు ఈ నేల మీదికి ఎలా వచ్చారో ముందు చెప్పాలి.

1529 ప్రాంతంలో విజయనగరం తరఫున మదురై ఏలుబడికి వచ్చిన విశ్వనాథ నాయకుడు, దళవాయి అరియనాథ మొదలియారు కలిసి దేశాన్ని 72 పాళెయాలుగా పంచారని చెబుతారు. పాళెగాడికి భూమి ఇస్తారు, పిలిచినప్పుడు అతను సిపాయిలతో రావాలి. బోడినాయకనూరు, ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి, విరూపాక్షి పాళెయాలు తెలుగు మాట్లాడే ఇళ్లవే. కమ్మ, బలిజ, రాజకంబళం పెద్దలు "మనం కత్తి పట్టుకుని వచ్చినవాళ్లం" అనేది ఆ రోజులు తలుచుకునే. పాళెగాడి కింద కట్టుబడి సిపాయికి జీతం బదులు భూమి ఉండేది, దాని మీద నామమాత్రపు పన్ను. పోరులో చచ్చినవాడి ఇంటికి ఇచ్చిన భూమిని తమిళ శాసనాలు ఉదిరప్పట్టి అన్నాయి, అంటే నెత్తుటి మాన్యం. కన్నడ దేశంలో అదే నెత్తరు కొడగె. చచ్చినవాడికి వీరగల్లు నిలిపేవారు, బతికున్నవాళ్లకు పొలం దక్కేది.

నేను చదివినంతలో ఆ మాన్యాలన్నీ కంటికి కనిపించిన నెత్తుటికే. ఏళ్ల తరబడి కాపలా కాసి, ఒక రాత్రి రొమ్ము పట్టుకుని కూలిపోయిన సిపాయి పేరు మీద ఒక్క శాసనం కూడా నాకు దొరకలేదు. గాయాన్ని గుర్తించినంత సులువుగా జబ్బును ఆ రాజ్యాలు గుర్తించినట్టు లేదు. ఇవాళ్టి మెడికల్ బోర్డు దగ్గరా నేను చూస్తున్నది అదే.

1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరి తీశారు. 1801 డిసెంబరు 1న ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం దక్షిణాది పాళెయాల్లో ఆయుధాలు నిషేధిస్తూ ప్రకటన చేసింది. కత్తి పోయింది, దాంతోపాటు కట్టుబడి కూడా పోయింది. మా పీలమేడు వైపు వాళ్లు పత్తి, మిల్లుల్లోకి మళ్లారు. కొందరు మాత్రం యూనిఫాం వదల్లేదు. కొండ మీద వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ కేంద్రం ఉంది, కింద సూలూరులో వైమానిక స్థావరం ఉంది. ఈ ప్రాంతపు కుర్రాడికి సైన్యం దూరం కాదు.

ఇక జబ్బు సంగతికొస్తే, సిపాయి గుండె గురించి డాక్టర్లు గట్టిగా మాట్లాడింది మన దేశంలో కాదు. అమెరికా అంతర్యుద్ధంలో గాయం లేకుండానే గుండెదడతో పడిపోయిన సైనికుల గురించి డా కోస్టా 1871లో రాశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఆసుపత్రులు అలాంటివాళ్లతో నిండితే, థామస్ లూయిస్ 1918లో ఆ జబ్బు మీద పుస్తకమే తెచ్చాడు.

మన దగ్గర 1961 నాటి ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్లలో 173వ నిబంధన ఉండేది. జబ్బు సర్వీసు వల్ల వచ్చి ఉండాలి లేదా సర్వీసు వల్ల ముదిరి ఉండాలి, వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. దానికి తోడుగా 1982లో వచ్చిన అర్హత నియమాలు సిపాయి పక్షాన నిలిచాయి. చేరేనాటి రికార్డులో జబ్బు రాయలేదంటే అప్పుడు అతను ఆరోగ్యంగా ఉన్నట్టే. రుజువు భారం అతని మీద ఉండేది కాదు. సందేహం ఉంటే దాని లాభం అతనికే. ఇంతకన్నా మంచి నియమం ఎవరు రాస్తారు? చిక్కంతా మెడికల్ ఆఫీసర్ల మార్గదర్శిని దగ్గర వచ్చింది. గుండెపోటు కేసుల్లో దానికి ముందు 14 రోజులు మనిషి ఏ పనులు చేశాడో యూనిట్ రాసి ఇవ్వాల్సి ఉండేది. ఇరవై ఏళ్లు అరిగిన గుండెను ఆ రెండు వారాల కాగితం చూసి తూచడం న్యాయం కాదని నేను ఎన్నో అర్జీల్లో రాశాను, ఇంకా రాస్తూనే ఉంటాను.

తిరుమంగళం పక్క ఊరి హవల్దారు ఒకాయన నాకు మావ వరస. కాశ్మీరులో చాలా కాలం చేసి, పీస్ స్టేషన్‌లో ఉండగా గుండెపోటు వచ్చింది. బోర్డు కాగితంలో వైకల్యం 30 శాతం, జీవితాంతం. పక్క గడిలో: సర్వీసు వల్ల కలిగిందా? లేదు. సర్వీసులో ముదిరిందా? లేదు. యూనిట్ ఇచ్చిన 14 రోజుల నివేదికలో "రొటీన్ డ్యూటీలు" అని ఒక్క ముక్క.

"ఏమి మావా, ఆ పద్నాలుగు దినాలు ఏం జేస్తా ఉంటిరి?" అని అడిగాను.

"ఏం జేసేదిరా, యూనిట్ మారతా ఉండె. సామాన్లు ఎత్తేదే పని."

అత్త లోపలికి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి ఆయన జేబు నోట్‌బుక్ తెచ్చింది. స్టోర్ లెక్కల మధ్య వ్యాగన్ నంబర్లు, వాటి పక్కన తేదీలు, లోడింగ్ అయిన వేళలు: రాత్రి ఒంటిగంట, రెండు, మళ్లీ రెండు. ఆఖరి తేదీ తర్వాత పేజీలు ఖాళీ. ఆ పేజీల నకళ్లు అప్పీలుకు జత చేశాం. మొదటి అప్పీలు కొట్టేశారు, రెండోదీ కొట్టేశారు. చెన్నై ట్రిబ్యునల్ ఒప్పుకుంది.

ఆ ట్రిబ్యునల్ తలుపు తెరుచుకున్నదీ ఆలస్యంగానే. సైనిక దళాల ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది, 2009 నుంచి ట్రిబ్యునల్ పనిచేస్తోంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రుజువు భారం సిపాయిది కాదన్న 1982 నియమాన్ని బోర్డులు పాటించి తీరాలని తేల్చింది. అది మూర్ఛ రోగం కేసు, అయినా గుండె కేసుల్లోనూ మేం ఎత్తిచూపేది ఆ తీర్పునే. 2014లో రామ్ అవతార్ కేసు, సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకు కూడా 50 లోపు వైకల్య శాతాన్ని 50గా లెక్కగట్టే లాభం ఇచ్చింది. 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం లెక్కన, మావకు 9 శాతం రావలసిన చోట 15 శాతం వచ్చింది. అమెరికాలో వియత్నాం యుద్ధానికి వెళ్లినవాళ్లకు 2010 నుంచి రక్తనాళాల గుండె జబ్బును ఆ యుద్ధంలో చల్లిన రసాయనం వల్లనే వచ్చినట్టు చట్టమే భావిస్తుంది, సైనికుడు నిరూపించనక్కరలేదు. మన ప్రభుత్వమూ అంతదూరం రావాలి.

నియమాలు 2008లోనూ, 2023 సెప్టెంబరులోనూ మారాయి. ఎవరికి ఏవి వర్తిస్తాయో సర్వీసు వదిలిన తేదీని బట్టి ఉంటుంది. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు, పెన్షన్ నిరాకరించిన ఉత్తరం పారేయకండి. చేత్తో రాసుకున్న నోట్‌బుక్ ఉంటే అదీ దాచండి. చివరి తిరస్కరణ అందిన ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లండి. గడువు దాటిందని ఊరుకోవద్దు. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం ఆలస్యంగా వెళ్లినవారికి బకాయి మూడేళ్లకే పరిమితమవుతుంది గానీ, నెలనెలా రావలసిన పెన్షన్ హక్కు పోదు.